ముట్టుకోవద్దన్న చేతులు

కారు చూడ్డానికి ఒక్కదాన్నే వెళ్తానంటే మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోలేదు. "ఆదివారం దాక ఆగమ్మా, ఆయన తోడొస్తడు" అంది మా అమ్మాయి స్వప్న. ఆయన అంటే మా అల్లుడు. మంచివాడే. కాని "అత్తమ్మా, అసొంటి షోరూముల్ల మీరొక్కరే పోతే పట్టించుకోరు" అని నవ్వుతూ అన్నాడు చూడండి, ఆ మాట నాకు ఎక్కడో తగిలింది. యాభై అయిదేళ్ల వయసులో కొత్తపేటలో డ్రైవింగు స్కూల్లో చేరి, నా కూతురికన్నా చిన్న పిల్లల మధ్య కూర్చుని, ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పి లైసెన్సు తెచ్చుకున్నదాన్ని. డబ్బు నాది, నడిపే చెయ్యి నాది. ఇక తోడెందుకు? ఇదంతా ఆ నీలం కారు వల్ల వచ్చింది. ఒకరోజు ఎల్బీ నగర్ సిగ్నల్ దగ్గర నేను ఆటోలో కూర్చుని ఉంటే పక్కనే వచ్చి ఆగింది. మా పోచంపల్లి వైపు నీలిమందు తొట్టిలో మూడోసారి ముంచి తీసిన నూలుకు వచ్చే రంగు అది. పోయిన మా ఆయన బతికుండగా ఒక్క నగ మీద కూడా నేను అంత ఆశపడలేదు. ఆ కారు కొంటాను, నేనే నడుపుకుంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో మా దుకాణం ముందు దిగుతాను అని ఆ సిగ్నల్ దగ్గరే అనుకున్నాను.

ఒక మంగళవారం పొద్దున మెట్రోలో ఎల్బీ నగర్‌లో దిగి, ఎండలో పది నిమిషాలు నడిచి షోరూముకు వెళ్లాను. ఒంటి మీద ఉన్నది ఉతికి ఉతికి మెత్తబడ్డ నూలు చీర. చెప్పుల నిండా దుమ్ము. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది గాని లోపలి మనుషులు మాత్రం తెరుచుకోలేదు. బూట్లేసుకున్న ఒక కుర్రవాడు నా మొహం చూడకముందు నా చెప్పులు చూశాడు. తర్వాత నా వెనక ఎవరైనా వస్తున్నారా అని తలుపు వైపు చూశాడు. "సార్ వస్తున్నారా అండి?" అన్నాడు. "ఏ సారు?" అన్నాను. "గా నీలం కారు చూస్త" అంటే, "అది టాప్ మోడల్ అండి. ఆన్‌రోడ్ కోటి దాటుతుందండి" అన్నాడు. నేను ధర అడగలేదు. ఆ పక్కన సోఫాలో చేతికి లావుపాటి బంగారు కడియం ఉన్న ఒకాయన కప్పు, సాసరులో కాఫీ తాగుతున్నాడు. నాకు కాగితం గ్లాసులో నీళ్లు వచ్చాయి. తాగాను, దాహంగానే ఉంది. గ్లాసు పక్కన పెట్టి ఆ నీలం తలుపు మీద చెయ్యి వేశాను. చల్లగా, నున్నగా ఉంది. "టచ్ చేయకండి మేడమ్, గాజులు గీసుకుంటాయండి" అన్నాడు కుర్రవాడు.

నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. సిగ్గుతో ఒళ్లంతా వేడెక్కింది. ఇంత వయసొచ్చి, మూడు దుకాణాలు నడుపుతూ, నలుగురూ అమ్మా అని పిలిచే నేను, తప్పు చేసి దొరికిపోయిన పిల్లలా నిలబడ్డాను. కోపంతో తలెత్తి అతని మొహం చూశాను. గట్టిగా నాలుగు మాటలు అనాలనే చూశాను. కాని ఆ మొహం నాకు తెలుసు. దానిలో చెడ్డతనం లేదు. విలువైన వస్తువును కాపాడుతున్నానన్న గొప్ప బాధ్యత ఉంది. పదిహేడేళ్ల వయసులో, దిల్‌సుఖ్‌నగర్‌లో మా నాయిన చీరల దుకాణంలో, పట్టు చీరల గుట్ట పక్కన కూర్చుని ఉన్నప్పుడు నా మొహమూ అలాగే ఉండేది.

మా నాయిన పోచంపల్లిలో నేత నేసినవాడు. మూట భుజానేసుకుని పట్నం దుకాణాల చుట్టూ తిరిగి, మెట్ల కింద నిలబడి నిలబడి, చివరికి తనే ఒక చిన్న దుకాణం పెట్టాడు. కింద దుకాణం, పైన రెండు గదుల్లో మేము. మెట్రో లేదు, ఇప్పుడున్న ఎత్తు బిల్డింగులు లేవు, కోచింగు సెంటర్లు అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పొద్దున్నే నాయిన గడప ముందు నీళ్లు చల్లి, సాంబ్రాణి వేసి, పరుపు మీది తెల్ల దుప్పటి దులిపి మళ్లీ పరిచేవాడు. కొత్త పట్టు వాసన, గంజి వాసన, కలరా ఉండల వాసన, వాటి మీద సాంబ్రాణి పొగ. ఇప్పటికీ నాకు పొద్దు అంటే ఆ వాసనే. తర్వాత పరుపు కింది నుంచి పౌడరు డబ్బా తీసి రెండు అరచేతులకూ, వేళ్ల కొసలకూ పట్టించేవాడు. మగ్గం మీద, రంగు తొట్ల దగ్గర ఏళ్ల తరబడి పని చేసిన చేతులవి. గోళ్ల చుట్టూ ఎరుపో నలుపో ఎప్పుడూ ఉండేది, చర్మం పగిలి గరుకుగా ఉండేది. ఆ చేత్తో ఊరికే పట్టు ముట్టుకుంటే సన్న పోగు తగులుకుని పైకి లేస్తుంది. పోగు లేస్తే ఆ చీర ఇక కొత్తది కాదు. అందుకే ఆ పౌడరు. దగ్గరకు వెళ్తే మా నాయిన ఒంటి నుంచి పసిపిల్లవాడి వాసన వచ్చేది.

పైన అమ్మ ఆసు పోసేది. అర్ధచంద్రంలా గుచ్చిన మేకుల చుట్టూ పట్టు దారాన్ని అటూ ఇటూ తిప్పడమే ఆసు. ఒక చీరకు కొన్ని వేలసార్లు చెయ్యి అటు పోవాలి, ఇటు రావాలి. పట్నం వచ్చినా ఆమె ఆ పని వదల్లేదు. దారం ఒరుసుకుని ఒరుసుకుని వేళ్ల మీద గీతలు పడి కాయలు కాశాయి. కాలేజీకి వెళ్లే ముందు నాకు జడ వేసేటప్పుడు ఆ కాయలకు నా వెంట్రుకలు చిక్కుకుని చుర్రుమనేది. నేను రోజూ "అబ్బా, అమ్మా!" అని అరిచేదాన్ని. "కదలకుండ కూసో, జడంటే ఊకెనే పడ్తదా?" అని ఆమె నెత్తి మీద ఒక్కటిచ్చేది.

దుకాణంలో నాయినకు రెండు పట్టింపులు ఉండేవి. ఒకటి, గడప దగ్గర విడిచిన చెప్పుల వైపు చూడకూడదు. రెండు, చీర మడత విప్పకుండా ధర చెప్పకూడదు. ఎంత పేదరాలు వచ్చి ఎంత ఖరీదు చీర వైపు వేలు చూపించినా సరే, మొదట పరుపు మీద కొంగు దాకా పరచాలి, ఆమె కళ్లారా చూడాలి, ఆ తర్వాత అడిగితే ధర. వరసలోని మిగతా దుకాణాల వాళ్లు మా నాయినను చూసి నవ్వేవారు. విప్పిన చీర మళ్లీ మడత పెట్టే ఓపిక ఎవరికుంటుంది? నిజం చెప్తున్నాను, ఆ మడతలు పెట్టేది నేనే కాబట్టి నేనూ లోలోపల వాళ్ల పక్షమే. కాలేజీ నుంచి వచ్చి దుకాణంలో కూర్చునేదాన్ని. నాయిన అటు తిరగ్గానే చెప్పుల వైపు చూసేదాన్ని. మడమ అరిగిన స్లిప్పర్లయితే నూలు చీర, తోలు చెప్పులయితే పట్టు, కొత్తవయితే పెండ్లి సామాను. మనసులో లెక్క కట్టుకునేదాన్ని. చాలాసార్లు నా అంచనా నిజమయ్యేది. అక్కడే నేను చెడిపోయాను. అంచనా ఎప్పుడూ తప్పుతుంటే మనిషి జాగ్రత్త పడతాడు. ఎక్కువసార్లు నిజమైతే తన కన్నే దేవుడనుకుంటాడు.

ఒక మధ్యాహ్నం యాదమ్మ వచ్చింది. కొత్తపేట పండ్ల మార్కెట్లో కాయలేరి పెట్టెల్లో పేర్చే కూలిపని చేసేది. పండ్ల మార్కెట్టు ఊరవతల బాటసింగారానికి పోయింది ఇప్పుడు గాని, అప్పుడు అది మాకు నడిచి వెళ్లే దూరమే. గడప దగ్గర ఆమె చెప్పులు చూశాను, ఒకదానికి పిన్నీసు. చేతులకు మామిడి సొన కారి నల్లగా అట్ట కట్టింది. నాయిన భోజనానికి పైకి వెళ్లాడు. దుకాణంలో నేనొక్కదాన్నే. ఆమె నేరుగా పై వరసలో ఉన్న పట్టు చీర చూపించింది. నీలం చీర, ఎర్ర అంచు, మా మేనమామ నేసింది. తీసి మడత మీదే ఒళ్లో పెట్టుకుని ధర చెప్పాను. ఆమె ముందుకు వంగి అంచు మీద చెయ్యి వేసింది. నేను గబుక్కున చీర వెనక్కి గుంజుకుని, "ముట్టకమ్మా, చేతులు గరుకున్నయ్. పోగు లేస్తది" అన్నాను. ఆమె తన రెండు చేతులూ తిప్పి చూసుకుంది. నన్ను చూసింది. "మార్కెట్ల నా పేరు మీద కొట్టు దొరికింది బిడ్డా. వచ్చే శుక్రారం పూజ. ఆ దినం గిది కట్టుకుందామనుకున్న" అని లేచింది. అప్పుడే మెట్ల మీద నాయిన కనిపించాడు. మొత్తం విన్నాడు.

నాయిన నన్ను తిట్టలేదు. తన పౌడరు పూసిన చెయ్యి నా ముందు చాపాడు. "నా చెయ్యి మెత్తగున్నదా? డబ్బా నీ పక్కకే ఉన్నది గదా, ఆమె ముంగట ఎందుకు పెట్టలే?" అన్నాడు. మర్నాడు ఆ చీరను తెల్లగుడ్డలో చుట్టి నా చేతికిచ్చి మార్కెట్టుకు తీసుకెళ్లాడు. ఎండుగడ్డి, పండిన మామిడి, లారీల పొగ. యాదమ్మ కాయల కుప్ప దగ్గర కూర్చుని ఉంది. "చీర తెచ్చినమమ్మా, ముట్టి చూడు" అన్నాడు నాయిన. ఆమె లేవలేదు. "నువ్వు మంచోనివే సేటూ. నీ బిడ్డను ఇయ్యనియ్. ఆమె అంతట ఆమె నా చేతిల పెట్టిననాడు కొంట. అప్పటిదాక కొన" అంది. నాయిన నా వైపు చూశాడు. ఒక్క అడుగు ముందుకేసి మూట చేతిలో పెడితే అయిపోయేది. నేను వేయలేదు. చుట్టూ జనం చూస్తున్నారు, కాలేజీ చదువుతున్న పిల్లను, కూలామె ముందు ఎందుకు వంగాలని ఒళ్లు బిగబట్టుకుని నిలబడ్డాను. ఆ నిలబడటం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఆ తర్వాత నాయిన ఆ మాట ఎత్తలేదు. రోజూ పొద్దున నీలం చీరను గుట్ట మీద అన్నిటికన్నా పైన పెట్టేవాడు. ఎవరైనా అడిగితే, "అది అమ్ముడువోయింది" అనేవాడు. నాకు వినపడేలాగే అనేవాడు. శుక్రవారం వచ్చింది, పోయింది. యాదమ్మ నూలు చీరలోనే కొట్టు పూజ చేసుకుందని మా వీధిలో పండ్లమ్మే ఆమె చెప్పింది. దిల్‌సుఖ్‌నగర్ నిండా చీరల దుకాణాలే కదా, ఎక్కడో ఒకచోట కొనుక్కోవచ్చు కదా, ఎంత మొండిది అని విసుక్కున్నాను. నా మొండితనం మాత్రం నాకు కనబడలేదు.

ఒక పొద్దున అమ్మ జడ వేస్తోంది. ఎప్పటిలాగే వెంట్రుక ఒకటి ఆమె వేలి కాయకు చిక్కుకుని చుర్రుమంది. అరవడానికి నోరు తెరిచి ఆగిపోయాను. పుట్టినప్పటి నుంచి ఈ చేతులు నా తల మీద ఉన్నాయి. నొప్పి అని అరిచాను గాని, ముట్టుకోకమ్మా అని ఒక్కనాడైనా అన్నానా? "ఏమైందే, ఇయాళ అరుస్తలేవ్?" అంది అమ్మ. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చాను. జడ సగంలో వదిలేసి కిందికి దిగి, నాయిన ఎదురుగానే నీలం చీర తీసుకుని, పౌడరు డబ్బా కూడా సంచిలో వేసుకుని మార్కెట్టుకు నడిచాను. యాదమ్మ కొననన్న నాటి నుంచి లెక్కిస్తే అది పందొమ్మిదో రోజు.

యాదమ్మ తన కొత్త కొట్టులో గోనె పట్టా మీద కూర్చుని ఉంది. వెనక గోడకు పూజనాటి పసుపు బొట్లు ఇంకా ఉన్నాయి. నేను చీర రెండు చేతుల్తో పట్టుకుని ముందుకు చాపి, "తప్పయింది పెద్దమ్మా" అన్నాను. పౌడరు డబ్బా కూడా ఇచ్చాను. ఆమె డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి పకపకా నవ్వింది. "పౌడరెందుకే నాకు? నేనేమన్న పెండ్లిపిల్లనా?" అని డబ్బా నా ఒళ్లో పడేసింది. పట్టా మీద చీర పూర్తిగా పరిచాను, కొంగు దాకా. ఆమె అంచు నుంచి కొంగు వరకు మెల్లగా చెయ్యి పోనిచ్చింది. కొంగు దగ్గర పోగు తగులుకుని సన్నగా పైకి లేచింది. నేను కళ్లారా చూశాను. ఆమె కూడా చూసింది. "లేవనియ్. నా చీరనే గదా" అంది. "పూజ అయిపోయింది గదా పెద్దమ్మా, ఇప్పుడెందుకు?" అన్నాను తెలివితక్కువగా. "పూజ ఒక్క దినం. కొట్టు దినాం ఉంటది" అంది. ఆ రోజు నుంచి ఆమె పోయేదాకా మా దుకాణం తప్ప ఇంకో దుకాణం గడప తొక్కలేదు. వచ్చినప్పుడల్లా నేనే పరచాలి.

షోరూములో ఆ నీలం కారు పక్కన నిలబడి ఇదంతా వరసగా తలుచుకున్నానని చెప్తే అబద్ధం. ఒక్క క్షణంలో మామిడి సొన వాసన వచ్చింది, అంతే. కోపం దిగిపోయింది. కాని కారు మీద ఆశ దిగలేదు, పంతమూ దిగలేదు. "నీ పేరేంది బాబూ?" అన్నాను. "కార్తీక్ అండి" అన్నాడు. దుకాణం కార్డు తీసి అతని చేతిలో పెట్టాను. "చూడు కార్తీక్, గీ కారు తాళం నీ అంతట నువ్వు తెచ్చి నా చేతిల పెట్టిననాడు కొంట. అప్పటిదాక కొన" అన్నాను. "ష్యూర్ మేడమ్" అని నవ్వాపుకుంటూ కార్డు జేబులో వేసుకున్నాడు. షోరూము మెట్లు దిగుతుండగా గాని నాకు తెలియలేదు, ఆ మాటలు నావి కావని. మెట్రోలో కూర్చున్నాక నాలో నేనే నవ్వుకున్నాను, పక్కామె నన్ను వింతగా చూసింది.

నాకు షోరూము వాళ్ల బాధ తెలియక కాదు. ఆ కుర్రాడికి టార్గెట్లు ఉంటాయి, పైన మేనేజరు కన్ను ఉంటుంది. ఊరికే చూసిపోయే వాళ్లు రోజుకు ఎంతమందో వస్తారు. అతని అంచనా చాలాసార్లు నిజమే అవుతుంది, నాదీ అయ్యేది. మా కాలమే గొప్పదని కూడా నేను అనను. మా కాలంలో చీర వెనక్కి గుంజుకున్నది నేనే కదా. తేడా ఒక్కటే. అప్పుడు మెట్ల మీద నిలబడి విన్న మా నాయిన ఉన్నాడు, పందొమ్మిది రోజులు చీర పైన పెట్టి నన్ను కాచుకున్నాడు. ఆ షోరూములో ఎవరి చెవినా ఆ మాట పడలేదు. పడినా తప్పుగా తోచలేదు. గాజులు గీసుకుంటాయనడం అక్కడ మంచి ఉద్యోగి లక్షణం.

ఇంటికొచ్చి చెప్తే అల్లుడు మండిపడ్డాడు. "వాడి మీద కంప్లయింట్ ఇద్దాం అత్తమ్మా. లేకుంటే గచ్చిబౌలి దిక్కు ఇంకో షోరూముంది, రేపే పోదాం. అదే కారు, అదే రంగు." వద్దన్నాను. అదేం పంతం అన్నాడు. ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున దుకాణంలో దుప్పటి పరుస్తూ ఉంటే, ఇన్నేళ్ల తర్వాత నాకు యాదమ్మ అర్థమైంది. ఆమెకు ఊరంతా దుకాణాలు ఉన్నాయి. పూజకు కట్టుకోవాలని కోరిక ఉంది. అయినా నూలు చీరతో పూజ చేసుకుంది. చీర కోసం అయితే అన్నాళ్లు ఆగాల్సిన పని లేదు. ఆమె ఆగింది నా కోసం. ఇంకో చోట కొనుక్కుని ఉంటే ఆమె చీర ఆమెకు దొరికేది, నేను మాత్రం గుంజుకున్న చేతుల్తోనే ఈ వయసుకు వచ్చేదాన్ని. అలా వచ్చి ఉంటే ఈ మూడు దుకాణాలూ ఉండేవో లేదో గాని, ఇవాళ వాటిల్లో పనిచేసే పిల్లలకు మడత విప్పకుండా ధర చెప్పొద్దని చెప్పడానికి నాకు మొహం ఉండేది కాదు.

అయిదో రోజు షోరూము నుంచి మెసేజి వచ్చింది. మా సేవలు ఎలా ఉన్నాయి, ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. ఇవ్వలేదు, నాకు అతను కావాలి గాని నక్షత్రాలు కాదు. దుకాణంలో నా చోటు మార్చుకున్నాను. గల్లీ కనబడేలా గడపకు ఎదురుగా కూర్చుంటున్నాను. నీలం రంగు ఏది కదిలినా తల ఎత్తుతున్నాను. నిన్న స్వప్న వచ్చి నా పక్కన కూర్చుని, కసురుకుంటానేమోనని మెల్లగా అడిగింది. "అమ్మా, ఆ పిలగాడు రానే రాకపోతే?"

"యాదమ్మ నూలు చీరల పూజ చేసుకున్నది. నేను మెట్రోల పోత" అన్నాను.

ఇవాళ పన్నెండో రోజు. నాకు పందొమ్మిది పట్టాయి.